ఇంటి ముచ్చట్లు: గోడకూ పొయ్యికీ మధ్య



మార్గశిర మాసం వచ్చింది. ఏటా ఈ నెలలో ఈ శీర్షిక క్రింద ఉన్నిబట్టలను చిమ్మెటలు కొట్టకుండా ఎట్లా దాచాలి, పచ్చళ్ళ జాడీలకు బూజు పట్టకుండా ఏం చెయ్యాలి అని వ్రాస్తూ ఉంటాము. ఈసారి వాటిని పక్కన పెట్టి, మా వల్ల జరిగిన ఒక పొరపాటును గురించి వ్రాయదలచాము. "మీ తప్పు మీరే నలుగురికీ చెప్పుకోవడం దేనికండీ?" అన్నది మా ఇంటావిడ. చెప్పుకోకపోతే ఆ తప్పే మరొకరు చేస్తారు గదా అన్నాము. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఏమీ దాచకుండా చెప్పండి" అన్నది. దాచకుండానే చెబుతున్నాము.

మా అక్కయ్య, బావగారు కూనూరులో ఉంటారు. బావగారు ఒక తేయాకు తోట ఆఫీసులో ముప్పయ్యేళ్ళు లెక్కలు వ్రాసి, రిటైరయిన తరువాత కూడా కొండ దిగడానికి మనసొప్పక, అక్కడే ఒక పాత బంగళాలో సగభాగం అద్దెకు తీసుకున్నారు. మేము కోయంబత్తూరు వాళ్ళము. మాకు చలి అంటే తెల్లవారుజామున దుప్పటి పైకి లాక్కోవడమే. నీలగిరుల మీద చలి వేరే సంగతి. డిసెంబరు, జనవరి నెలల్లో ఊటీ వైపు పచ్చిక మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. కూనూరులో అంత లేకపోయినా, అరవై దాటిన ఎముకలకు ఆ ఉన్నదే చాలు.

ఆ బంగళాకు వెలుపలి గోడలు రాతివి. లోపల గదికీ గదికీ మధ్య అడ్డుగోడలు మాత్రం చెక్కపలకలతో కట్టినవి. నేల కూడా చెక్కే. ముందు గదికి ఆనుకొని ఉన్న చిన్న గదిలో అక్కయ్య మనవడు పడుకుంటాడు. వాడికి అప్పుడు ఆరేళ్ళు. ఈ మాట గుర్తుంచుకోండి.

2022 నవంబరులో ఒక తోట బంగళా సామాను వేలం వేస్తుంటే బావగారు ఒక ఇనుప పొయ్యి పాడుకున్నారు. అది వంట పొయ్యి కాదు, గది వెచ్చబెట్టుకొనే పొయ్యి. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ ఇనప్పెట్టె, ముందువైపు కట్టెలు వేసే తలుపు, వెనకనుంచి పైకి పోయే పొగగొట్టం. దాని మీద కంపెనీ పేరు లేదు. ఎట్లా అమర్చాలో చెప్పే కాగితం అసలే లేదు. బావగారు ఆ రాత్రి మాకు ఫోను చేశారు.

"ఏమోయ్ బావమరిదీ, నువ్వు రోజూ ఇంజనీర్ల కాగితాలు చూసేవాడివి గదా. దీన్ని గోడకు ఎంత ఎడంగా పెట్టమంటావు?"

నిజమే, మేము పనిచేసేది ఇంజనీర్ల ఆఫీసులోనే. అయితే ఆ కాగితాల మీద నంబరూ తేదీ చూసి ఫైలులో పెట్టడం మా పని. లోపల వ్రాసి ఉన్న విషయంతో మాకు పనిలేదు. ఆ మాట ఒప్పుకొని ఉంటే బాగుండేది. కాని అడిగినవారు బావగారు, అందులోనూ తెలిసినవాడినని నమ్మి అడిగారు. "ఒక అడుగు వదలండి బావగారూ. వెనక పలకల మీద జింకు రేకు కొట్టించండి, చాలు" అన్నాము. అన్న తరువాత మాకే ఎంతో తృప్తిగా తోచింది.

వడ్రంగి వచ్చి పలకల మీద తళతళలాడే రేకును మేకులతో అంటుకొనేట్టు కొట్టాడు. దానికి ఒక అడుగు ఎడంగా పొయ్యి పెట్టారు. పొగగొట్టం వంపు తిరిగే చోట గోడకు తొమ్మిది అంగుళాలే మిగిలింది. "ఏం ఫరవాలేదు, రేకు ఉన్నది గదా" అనుకున్నారు అందరూ. పొయ్యి చక్కగా వెలిగింది. అక్కయ్య ఫోనులో, "తమ్ముడా, మీ పుణ్యమా అని మోకాళ్ళ నొప్పి తగ్గిందిరా" అన్నది.

మరుసటి సంక్రాంతికి, అంటే 2023 జనవరిలో, పిల్లలతో కొండమీదికి వెళ్ళాము. గుమ్మంలో అడుగు పెట్టగానే గది వెచ్చగా హాయిగా ఉన్నది. దానితోపాటు ఒక వాసన కూడా ఉన్నది. "ఇదేమిటక్కా?" అంటే, "నెలరోజులనుంచీ ఇంతే. దోశపెనం మాడినట్టు ఉంటుంది. మీ బావగారు కొత్త రేకు వాసన అంటారు" అన్నది. కొత్త రేకుకు రెండు నెలల తరువాత వాసన ఎందుకు వస్తుంది? మేము రేకు మీద వేలు పెట్టి చురుక్కుమని వెనక్కు తీసుకున్నాము. రేకు వేడెక్కడంలో వింత లేదనుకుని, పక్కగదిలోకి వెళ్ళి అదే గోడకు అవతలివైపు చెయ్యి ఆనించాము. చెక్క అంత దళసరి గోడకు అవతల కూడా చెయ్యి నిలవలేదు. ఆ గోడకు ఆనించే పిల్లవాడి మంచం వేసి ఉన్నది. వాడు వెచ్చగా ఉందని దిండు కూడా ఆ వైపే పెట్టుకొని పడుకుంటున్నాడట.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పొయ్యిలో కట్టెలు వెయ్యడం మానేసి, గాలి లోపలికి పోయే మూత మూసి, నిప్పు దానంతటదే చల్లారేట్టు చేశాము. కాలిన ఇనుము మీద నీళ్ళు కుమ్మరిస్తే అది పగలవచ్చును, ఎగజిమ్మే ఆవిరికి మనుషులు కాలవచ్చును. అందుచేత ఆ పని చెయ్యలేదు. పిల్లవాణ్ణి వంటింటి పక్కగదిలోకి మార్చాము. బక్కెట్లతో నీళ్ళు పెట్టుకొని బావగారూ మేమూ తెల్లవార్లూ గోడను తడిమి చూస్తూ కూర్చున్నాము. ఇప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, అదీ తప్పే. గోడ లోపల నిప్పు రాజుకుంటున్నదని అనుమానం కలిగితే అందరినీ ఇంటి బయటికి పంపి వెంటనే 101కి గాని 112కు గాని ఫోను చెయ్యాలి. సంకోచించి కూర్చోవడం మా రెండో తప్పు.

తెల్లవారి మేకులు పీకి రేకు తీశాము. పలకలు కాఫీగింజ రంగుకు తిరిగి ఉన్నవి. గొట్టం వంపు ఎదురుగా చేటంత మేర నల్లబడింది. గోరుతో గీస్తే బొగ్గు రాలింది. ఇంట్లో ఏనాడూ మంట కనబడలేదు. నిప్పురవ్వ ఎగరలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా రాకుండానే గోడ బొగ్గవుతూ వచ్చింది. బావగారు ఆ పలకకేసి, తరువాత పక్కగది వైపు చూసి, ఏమీ అనకుండా వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. మమ్మల్ని ఒక్కమాట అని ఉంటే కొంత నయంగా ఉండేది.

ఆఫీసుకు తిరిగి వచ్చాక మా ఇంజనీరుగారితో ఈ సంగతి చెప్పాము. ఆయన ఓపికగా విని, చదవవలసినవి చూపించారు. ఈసారి నంబరూ తేదీతో సరిపెట్టకుండా లోపల కూడా చదివాము. తెలిసినది మామూలు మాటల్లో చెబుతాము.

చెక్క అంటుకోవాలంటే మామూలుగా 250, 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అందుకని మంట తగలకపోతే భయం లేదనుకుంటాము. కాని చెక్కను అంతకంటే చాలా తక్కువ వేడిలో వారాలూ నెలలూ ఉంచితే దానిలోని తేమ పోయి, తరువాత చెక్కే కొద్దికొద్దిగా విరిగి బొగ్గులా మారుతుంది. అట్లా మారిన చెక్క అంటుకోవడానికి మొదటంత వేడి అక్కరలేదు. నిన్నటిదాకా అదే పొయ్యి, అదే గోడ, అదే దూరం, ఏమీ కాలేదు. ఒకరోజు చలి ఎక్కువై రెండు కట్టెలు అదనంగా వేస్తే ఆనాడు అంటుకుంటుంది. "పదేళ్ళనుంచీ ఇట్లాగే ఉన్నది, ఏమీ కాలేదు" అనే మాట ధైర్యం చెప్పే మాట కాదు. పదేళ్ళూ ఆ చెక్క అంటుకోవడానికి తయారవుతూ ఉండవచ్చును.

మరి రేకు ఎందుకు కాపాడలేదు? రేకు కాలదు, నిజమే. కాని అది వేడిని ఆపదు. ఈ ముఖాన పుచ్చుకొని ఆ ముఖాన ఇచ్చేస్తుంది. దాన్ని చెక్కకు అంటించి కొడితే ఆ వేడినంతా చెక్కకే అప్పగిస్తుంది. పైగా లోపల చెక్క రంగు మారుతూంటే కంటికి కనబడకుండా కప్పి ఉంచుతుంది. చెక్క మీద అతికించిన పలచటి టైల్సు, పూసిన సున్నం, సిమెంటు కూడా ఇట్లాంటివే. పైన పూత ఉన్నంత మాత్రాన లోపలి చెక్కగోడ రాతిగోడ అయిపోదు.

ఇదంతా అక్కయ్యకు ఫోనులో చెబుతూంటే ఆమె మధ్యలో ఆపి, "ఇంత చదువెందుకురా? వేడి గిన్నె బల్ల మీద పెడితే మచ్చ పడుతుంది. కుదురు మీద పెడితే పడదు. అంతేగా?" అన్నది. అంతే. మా ఇంజనీరుగారు కూడా ఆ మాట విని సంతోషించారు. కుదురు చేసే పని గిన్నెకూ బల్లకూ మధ్య గాలికి చోటివ్వడం. గోడను కాపాడేది కూడా రేకు కాదు. రేకు వెనక ఉన్న గాలి.

ఇక లెక్కలు. అమెరికాలో చెక్క ఇళ్ళు ఎక్కువ, కట్టెల పొయ్యిలూ ఎక్కువ. అక్కడ నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ అనే సంస్థ ప్రచురించే 211వ నంబరు ప్రమాణంలో ఈ దూరాలు ఇచ్చారు. పరీక్ష చేసి అమ్మే కొత్త పొయ్యిలకు వెనకవైపు ఒక రేకు బిళ్ళ ఉంటుంది. ఏ వైపు ఎంత దూరం ఉండాలో దాని మీదనే ఉంటుంది. అటువంటి పొయ్యికి ఆ బిళ్ళ చెప్పినదే వేదం. బావగారు కొన్నటువంటి, ఏ బిళ్ళా లేని పొయ్యికి ఈ క్రింది దూరాలు.

కాలే గుణం గల గోడకు పొయ్యి 36 అంగుళాల దూరంలో ఉండాలి. అంటే నిండుగా మూడడుగులు, సుమారు 91 సెంటీమీటర్లు. ఇది వెనకవైపుకే కాదు, పక్కలకు కూడా. ఒంటి రేకుతో చేసిన పొగగొట్టం 18 అంగుళాల దూరంలో ఉండాలి. మేము చెప్పినది ఒక అడుగు. గొట్టానికి మిగిలినది తొమ్మిది అంగుళాలు. చూశారా, పొయ్యి విషయంలో మూడోవంతు, గొట్టం విషయంలో సగం.

గది చిన్నదైతే మూడడుగులు ఎక్కడనుంచి వస్తాయి? అందుకు ఒక ఉపాయం ఇచ్చారు. 24 గేజి రేకును గోడకు అంటకుండా, మధ్య ఒక అంగుళం ఖాళీ వదిలి నిలబెట్టాలి. రేకు క్రింది అంచు నేలకు తగలకూడదు, పై అంచు కప్పుకు తగలకూడదు. అప్పుడు క్రిందనుంచి చల్లగాలి దూరి, వేడెక్కి, పైనుంచి పోతూ ఉంటుంది. ఆ పోయే గాలి తనతో వేడిని తీసుకుపోతుంది. ఇట్లా చేస్తే 36 అంగుళాలను 12 వరకు తగ్గించవచ్చును. అంతకు లోపల మాత్రం తగ్గించరాదు. రేకును నిలబెట్టే దిమ్మలు చెక్కవి కాకూడదు. పింగాణీవి గాని ఇనుప గొట్టం ముక్కలు గాని వాడాలి. వాటిని సరిగ్గా పొయ్యి వెనకా, గొట్టం వెనకా పెట్టకూడదు. పెడితే ఆ మేకు గుండానే వేడి చెక్కలోకి దిగుతుంది.

ఒక అంగుళం ఖాళీ ఉన్న రేకుకూ, ఖాళీ లేని రేకుకూ ధరలో తేడా నాలుగు గొట్టం ముక్కలే. మేము ఆ నాలుగు ముక్కలు చెప్పలేకపోయాము.

ఇంకొక సంగతి చాలామంది తప్పుగా కొలుస్తారు. దూరాన్ని పొయ్యినుంచి రేకు వరకు కొలవరాదు. రేకు లేనట్టే భావించి, వెనక ఉన్న చెక్క వరకు కొలవాలి.

రేకు ఎంత వెడల్పు ఉండాలని బావగారు అడిగారు. దానికి టేపు కూడా అక్కరలేదు. 36 అంగుళాల దారం తీసుకోండి. ఒక కొసను పొయ్యి అంచున పట్టుకొని రెండో కొసను అన్ని వైపులకూ తిప్పండి. దారం రేకుకు తగలకుండా నేరుగా చెక్కకు ఎక్కడ తగిలితే అక్కడ రేకు చాలలేదన్నమాట. పొయ్యి నాలుగు మూలలా ఇట్లాగే చూడాలి. అక్కయ్య పూలు కట్టే దారంతో ఈ పరీక్ష చేసింది. దారం వెళ్ళి కిటికీ తెరకూ, బావగారి పడక కుర్చీకీ తగిలింది. రెండింటినీ అప్పుడే జరిపించింది. బట్టలు ఆరవేసే తాడు, కట్టెల మోపు, పాత పేపర్లు, దోమతెర ఇవన్నీ కూడా మూడడుగుల అవతలనే ఉండాలి. చలికాలంలో తడిబట్టలు పొయ్యి ముందు ఆరవేయడం కొండమీద అందరికీ అలవాటు. రాత్రి అందరూ నిద్రపోయాక ఒక తువ్వాలు జారి పొయ్యి మీద పడితే అడిగేవారు ఉండరు.

బావగారి పొయ్యిని చివరకు ఎట్లా అమర్చారో చెబుతాము. వెలుపలి రాతిగోడ దగ్గర పూజ అలమర ఉండేది. మొదట ఆ చోటు ఎవరూ తలపెట్టలేదు. అక్కయ్యే అలమరను తూర్పు గదిలోకి మార్చి, "దేవుడు అక్కడ కూడా ఉంటాడు. పొయ్యిని ఇక్కడ పెట్టండి" అన్నది. రాతిగోడలో లోపల ఎక్కడా చెక్క దూలం లేదని మేస్త్రి తట్టి, తొలిచి చూసిన తరువాతనే పొయ్యి వీపును అటు తిప్పారు. ఒక పక్క మాత్రం చెక్కగోడ తప్పలేదు. అక్కడ అంగుళం ఖాళీతో రేకు నిలబెట్టి, చెక్కకు 18 అంగుళాల దూరం ఉంచారు. పన్నెండు చాలునని ప్రమాణం చెప్పినా, ఒకసారి చెయ్యి కాలింది గనుక ఆరు అంగుళాలు ఎక్కువ వేసుకున్నాము. గొట్టాన్ని చెక్క కప్పులోనుంచి పోనివ్వకుండా రాతిగోడలోనుంచి బయటికి తీసి పైకి లేపారు. ఒంటి రేకు గొట్టాన్ని చెక్క కప్పుగుండా గాని అటకగుండా గాని ఎన్నడూ పోనివ్వకూడదు. అట్లా పోక తప్పకపోతే, అందుకనే చేసిన రెండు పొరల గొట్టం వాడాలి.

బయట గొట్టం కొస, కప్పును దాటే చోటునుంచి కనీసం మూడడుగుల ఎత్తు ఉండాలి. చుట్టూ పదడుగుల లోపల కప్పులో ఎత్తయిన భాగం ఏదైనా ఉంటే దానికంటే రెండడుగులు పైన ఉండాలి. లేకపోతే గాలి పొగను వెనక్కు తోస్తుంది. క్రింద చెక్క నేల మీద రేకు పరచి ఇటుకలు పేర్చారు. తలుపు ముందు 18 అంగుళాల మేర ఇటుకలు బయటికి వచ్చేట్టు చూశారు. నిప్పురవ్వలు ఎప్పుడూ ముందుకే పడతాయి గదా.

కట్టెలు ఎండినవే వాడాలి. కొండమీద దొరికే యూకలిప్టస్, వాటిలు కట్టెలు పచ్చివి వేస్తే వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ గొట్టంలో తారులాగా పేరుకుంటుంది. అది ఒకనాడు అంటుకుంటే గొట్టం ఎర్రగా కాలి, ఎంత దూరం ఉంచినా చాలదు. చీల్చి, వాన తగలకుండా గాలి ఆడేచోట ఆరు నెలలైనా ఆరబెట్టాలి. ఏడాదికొకసారి, చలికాలానికి ముందే, గొట్టం దులిపించాలి. బూడిదను మూతగల ఇనుప బక్కెట్టులో ఎత్తి, ఇంటికి దూరంగా మట్టినేల మీద పెట్టాలి. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పుకణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి.

మరొక మాట గోడకు సంబంధించినది కాకపోయినా ప్రాణానికి సంబంధించినది. పొగగొట్టం లేని కుంపటి గాని, బొగ్గుల చట్టి గాని మూసిన గదిలో పెట్టుకొని పడుకోకూడదు. దానిలోనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. గొట్టం ఉన్న పొయ్యి అయినా గదిలోకి గాలి వచ్చే దారి ఉండాలి. ఈ విషవాయువును పసికట్టి గంట మోగించే చిన్న పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నవి. బావగారు ఒకటి తెప్పించి పిల్లవాడి గదిలో పెట్టారు.

ఈ సంగతి మన సంఘం ఉగాది కూటమిలో చెప్పినప్పుడు కొందరు తమ ఇళ్ళను గురించి అడిగారు. అందరికీ పనికివస్తాయని ఆ ప్రశ్నలూ జవాబులూ ఇక్కడ ఇస్తున్నాము.

హోసూరు నుంచి వచ్చిన ఒక సోదరి: "మాకు గది వెచ్చబెట్టే పొయ్యి లేదు గాని, పెరట్లో స్నానాల నీళ్ళకు కట్టెల బాయిలరు ఉన్నది. పక్కన వెదురుతడిక. ఫరవాలేదా?" ఫరవాలేదనలేము. వెదురు చెక్కకంటే త్వరగా అంటుకుంటుంది. మూడడుగులు వదలండి. చోటు లేకపోతే తడిక తీసి ఆ మేర ఇటుకగోడ కట్టించండి. బాయిలరు పొగగొట్టం చూరుకు తగలకుండా చూడండి.

ఒక పెద్దాయన: "మా రోజుల్లో పొయ్యి వెనక ఆస్బెస్టాస్ రేకు పెట్టేవారు. అది వేడిని ఆపుతుంది గదా?" ఆపుతుంది, నిజమే. కాని దాన్ని కోసినా, తొలిచినా, పగిలినా రేగే ధూళి ఊపిరితిత్తులకు చేటు. క్యాన్సరు కూడా తెస్తుందని రుజువయింది. కొత్తగా పెట్టకండి. పాతది ఉంటే మీరే పీకకుండా, తెలిసినవారిని పిలవండి.

పర్లాకిమిడిలో పుట్టింటివారున్న ఒక సోదరి: "మా అమ్మగారింట్లో మట్టిపొయ్యి, మట్టిగోడ, పైన గడ్డికప్పు. మట్టి కాలదు గదా?" మట్టిగోడ కాలదు. అక్కడ చూడవలసినది గోడ కాదు, చూరు. 1953లో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యిని గురించి 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని పుస్తకం వ్రాశారు. వంటింటి ఆడవారి కళ్ళనూ ఊపిరినీ కాపాడాలని, పొయ్యికి గొట్టం పెట్టి పొగను బయటికి పంపిన పొయ్యి అది. మంచి ఏర్పాటు. అయితే అటువంటి గొట్టాన్ని గడ్డికప్పులోనుంచి నేరుగా తీయరాదు. మట్టిగోడలోనుంచి బయటికి తీసి, చూరుకు ఎడంగా పైకి తీసుకుపోవాలి. పొయ్యి పైన అటక మీద కట్టెలూ పిడకలూ ఆరబెట్టే అలవాటు ఉంటే అది మాన్పించండి.

ఇక అందరూ అడిగిన ప్రశ్న ఒకటున్నది. కొలతలు సరిగా ఉన్నాయో లేదో ఇంట్లో ఎట్లా తెలుసుకోవాలి? మేము చేసే పరీక్ష ఇది. పొయ్యి బాగా రాజుకొని రెండు మూడు గంటలయ్యాక, దగ్గరి చెక్కగోడ మీద అరచెయ్యి ఆనించండి. రేకు మీద కాదు, చెక్క మీద. రేకు వెనక చెయ్యి పట్టకపోతే గోడ అవతలివైపున ఆనించండి. నిదానంగా పది లెక్కపెట్టండి. లెక్క పూర్తికాకుండా చెయ్యి తీయవలసివస్తే ఆ పొయ్యిని ఆ రోజుకు చల్లార్చండి. ఇది కొలతలకు బదులు కాదు, కొలతల తరువాత చేసే పరీక్ష. మాడిన వాసన వస్తే ఏ పరీక్షా అక్కరలేదు, అదే జవాబు. అక్కయ్య నెలరోజులు ఆ వాసన చెబుతూనే ఉన్నది. ఇంట్లో ఆడవారు "ఏదో వాసన" అంటే మగవారు లేచి చూడాలి.

క్రిందటి సంక్రాంతికి మళ్ళీ కూనూరు వెళ్ళాము. పిల్లవాడు తన పాత గదిలోనే పడుకుంటున్నాడు. మంచం మాత్రం గోడకు ఎడంగా వేశారు. రాత్రి భోజనాలయ్యాక వాడే వచ్చి మా చెయ్యి పట్టుకొని గోడ దగ్గరికి తీసుకుపోయి, "లెక్కపెట్టు తాతా" అన్నాడు. పది లెక్కపెట్టాము. గోడ మామూలుగా ఉన్నది. "ఇరవై దాకా లెక్కపెట్టు" అన్నాడు. ఇరవై దాకా లెక్కపెట్టాము.

బావగారు ఆ నల్లబడిన పలకను పారవేయలేదు. కట్టెల కొట్టంలో గోడకు ఆనించి పెట్టారు. ఎవరైనా పొయ్యి కొంటామని వస్తే ముందు అది చూపిస్తారట. మా పేరు మాత్రం చెప్పరట. ఆ దయకు మేము ఆయనకు ఋణపడి ఉన్నాము. అందుకే మా పేరు మేమే ఇక్కడ చెప్పుకున్నాము.

చదివినవారు ఈ పుట మూసేలోపల ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో నిప్పు ఉండే చోటు ఏదైనా సరే, గది పొయ్యి గాని, బాయిలరు గాని, పెళ్ళి వంటలకు పెరట్లో పెట్టే గాడిపొయ్యి గాని, దానికి దగ్గరలో కాలే వస్తువు ఏమున్నదో చూసి, మూడడుగుల దారం ఒకసారి తిప్పి రండి. తెలియని సంగతి ఎవరైనా అడిగితే "కనుక్కొని చెబుతాను" అనండి. ఆ మాట అనడానికి మాకు నలభై ఏళ్ళు దాటవలసి వచ్చింది.

వచ్చే నెల వేసవికి ముందు నీళ్ళతొట్టెలు కడిగించుకోవడం గురించి ముచ్చటించుకుందాము.

శలవు.